మా గుజ్జు ‘టూ స్వీట్’ అంటే తప్పేంటి సార్?

ప్రశ్న: సార్, నమస్కారం. మాది చిత్తూరు దగ్గర పల్లె. ఇంటర్ దాకా తెలుగు మీడియం, డిగ్రీ తిరుపతిలో. రెండేళ్ల నుంచి మామిడి గుజ్జు ఎగుమతి చేసే ఒక కంపెనీ ఆఫీసులో పనిచేస్తున్నాను. బయటి దేశాల వాళ్లకు మెయిల్స్ రాయడం, ఫోన్లు మాట్లాడడం నా పని. మొన్న ఒకాయనకు ‘అవర్ పల్ప్ ఈజ్ టూ స్వీట్’ అని రాశాను. సంతోషపడతాడనుకుంటే, తీపి తగ్గించి వేరే శాంపిల్ పంపగలరా అని అడిగాడు. ఇంకోసారి ఫోన్లో ‘హావెంట్ యూ రిసీవ్డ్ ద పేమెంట్?’ అంటే ‘ఎస్’ అన్నాను. డబ్బు అందిందనుకుని వాళ్లు వారం ఊరుకున్నారు. ఆర్డర్ పోగొట్టుకుంటామని రాయబోయి లూజ్‌లో రెండు ఓలు పెట్టానని మా మేనేజర్ అందరి ముందూ చదివి నవ్వారు. నెట్‌లో దొరికిన ‘తికమక పెట్టే 100 ఇంగ్లీష్ మాటలు’ ప్రింటు తీసి బట్టీ పట్టాను. తప్పులు తగ్గలేదు. మెయిల్ పంపాలంటేనే టెన్షన్. 12,000 రూపాయలు కట్టి తిరుపతిలో గ్రామర్ కోచింగ్‌లో చేరమంటారా? – ఒక పాఠకురాలు, చిత్తూరు

సమాధానం: అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, ఏమనుకోకు. రెండోసారి చదువుతుంటే నా సంగతే గుర్తొచ్చింది. 1980లలో ఒక ఉద్యోగం కోసం హైదరాబాదులో ఇంటర్వ్యూకు వెళ్లాను. ‘డోంట్ యూ నో హిందీ?’ అని అడిగారు. ‘ఎస్ సర్’ అన్నాను. అవును సర్, రాదు అని నా ఉద్దేశం. ఆ పెద్దమనిషి వెంటనే హిందీలో అందుకున్నాడు. నేను బిక్కమొహం వేశాను. రాని భాషను వచ్చని చెప్పుకున్నానని ఆయన అనుకుని ఉంటాడు. ఆ ఉద్యోగం రాలేదు. తర్వాత ముప్పై ఏళ్ల పైచిలుకు ఇంగ్లీషు పాఠాలే చెప్పి బతికాను. అందుకని నీ ‘ఎస్’ దగ్గరే మొదలుపెడతాను.

తెలుగులో ‘డబ్బు రాలేదా?’ అని ఎవరైనా అడిగితే ‘ఆఁ, రాలేదు’ అంటాం. ఆ ‘ఆఁ’ డబ్బుకు సంబంధించింది కాదు, అడిగిన మనిషికి సంబంధించింది. నువ్వన్నది నిజమే అని ఒప్పుకోవడం. ఇంగ్లీషులో అడిగిన మనిషితో పని లేదు, జరిగిన సంగతితోనే పని. డబ్బు వచ్చిందా? వస్తే ఎస్. రాకపోతే నో. ‘వచ్చిందా’ అని అడిగినా, ‘రాలేదా’ అని అడిగినా జవాబు మారదు. ఇది తెలిసిన తర్వాత కూడా నోటి నుంచి ‘ఎస్’ జారుతూనే ఉంటుంది, ఎందుకంటే అది చిన్నప్పటి నుంచీ అలవాటైన ‘ఆఁ’. నాకిప్పటికీ జారుతుంది. కాబట్టి నియమం గుర్తుపెట్టుకునే కంటే అలవాటొకటి చేసుకో. ఫోన్లో ఒంటి ‘ఎస్’, ఒంటి ‘నో’ ఎప్పుడూ అనొద్దు. ‘నో, వీ హావెంట్ రిసీవ్డ్ ఇట్ యెట్’ అని వాక్యం పూర్తి చెయ్యి. పొరపాటున ముందు ‘ఎస్’ వచ్చినా వెనకున్న వాక్యం నిన్ను కాపాడుతుంది. అవతలివాడికి అనుమానమొస్తే మళ్లీ అడుగుతాడు. వారం రోజులు ఊరుకోడు.

ఇప్పుడు ఆ 100 మాటల సంగతి. నువ్వు పంపిన ప్రింటు చూశాను. అందులో సగం పైగా ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే వాళ్ల జబ్బులు. వాళ్లు భాషను ముందు చెవితో నేర్చుకుంటారు, స్పెల్లింగు తర్వాత. చెవికి ఒకేలా వినిపించే మాటలు రాసేటప్పుడు తారుమారవుతాయి. ‘అక్కడ’ అనే దేర్, ‘వాళ్ల’ అనే దేర్ వాళ్లకు పెద్ద తలనొప్పి. మనం ఎదురు దారిలో వచ్చాం. బడిలో ముందు కంటితో చూసి, అక్షరం అక్షరం వల్లె వేసి నేర్చుకున్నాం. చెవి సంగతి తర్వాత. ‘వాళ్ల ఇల్లు’ అని రాయమంటే ‘అక్కడ ఇల్లు’ అని రాసిన పిల్లలు నా క్లాసుల్లో అరుదు. ‘సిన్స్ టూ ఇయర్స్’ అని రాయని పిల్లలు అంతకన్నా అరుదు. పక్కింటాయన చీటీ పట్టుకుని మెడికల్ షాపుకు వెళ్లావమ్మా నువ్వు. మందులు మంచివే, జబ్బు నీది కాదు.

మన తప్పుల్లో ఎక్కువ భాగం తెలుగులోంచే వస్తాయి. తెలుగులో ఒక్క మాట ఉండి, అదే చోట ఇంగ్లీషులో రెండున్నాయంటే అక్కడ కాలు జారుతుంది. తెలుగులో కూడా రెండు ఉన్నాయా, ఇక భయం లేదు, తెలుగే దారి చూపిస్తుంది. కానీ మనం ఆ దారి అడగం. ఇంగ్లీషు రాసేటప్పుడు తెలుగును గుమ్మం బయట నిలబెట్టాలని మాకు నేర్పారు, మేమూ మీకు అదే నేర్పాం. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

నీ ‘టూ స్వీట్’ తీసుకో. ‘చాలా తియ్యగా ఉంది’, ‘మరీ తియ్యగా ఉంది’ – ఈ రెండింటికీ తేడా చిత్తూరులో చంటిపిల్లకు కూడా తెలుసు. పాయసం ‘మరీ తియ్యగా ఉందే’ అంటే అమ్మ ఏం చేస్తుంది? ఇంకాసిని పాలు పోస్తుంది. నీ కొనుగోలుదారు చేసింది అదే కదా! ‘వెరీ’ అంటే చాలా. ‘టూ’ అంటే మరీ, కావలసిన దానికన్నా మించి. ‘టూ గుడ్’ అని మనం ఫ్రెండ్స్ దగ్గర మెచ్చుకోలుగా వాడి వాడి ‘టూ’ అంటే ‘వెరీ’కి అన్నయ్య అనుకుంటున్నాం. ఇంగ్లీషు వాళ్లు కూడా మర్యాదకు ‘యూ ఆర్ టూ కైండ్’ అంటారు, నిజమే. అది ‘అయ్యో, మీరు మరీనండీ’ అని మనమనే లాంటిది. సరుకు గురించి రాసేటప్పుడు మాత్రం ‘టూ’ అనేది ఫిర్యాదే. ‘టూ థిక్’, ‘టూ యెల్లో’ అని కూడా రాసి ఉంటావేమో, పాత మెయిల్స్ ఒకసారి చూసుకో. తోతాపురి మామిడి పేరు పోతుంది.

ఇంతకంటే ప్రమాదమైనది ‘డౌట్’. దీన్ని నువ్వు అడగలేదు, కానీ వ్యాపారం మెయిల్స్ రాసే ప్రతి తెలుగువాడూ వాడతాడు కాబట్టి చెబుతున్నా. మన క్లాసురూముల్లో ‘సార్, డౌట్’ అని చెయ్యెత్తడం పుట్టినప్పటి నుంచీ ఉన్నది. తెలుగులో సందేహం వేరు, అనుమానం వేరు. పిల్లవాడిది సందేహం, పోలీసుది అనుమానం. తెలుగులోకి వచ్చిన ‘డౌటు’ మాత్రం రెండింటినీ మింగేసింది. మొగుడి మీద డౌటు, లెక్కల్లో డౌటు. ఇంగ్లీషు ‘డౌట్’ ఎక్కువగా అనుమానం వైపే మొగ్గుతుంది, నమ్మకం కుదరకపోవడం అన్నమాట. ‘ఐ హావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ పేమెంట్’ అని నువ్వు రాస్తే, పేమెంట్ గురించి ఒక చిన్న విషయం అడుగుతున్నావని అతనికి అర్థం కాదు. మీరు డబ్బు ఎగ్గొడతారేమోనని నాకు అనుమానంగా ఉంది అన్నట్టు వినిపిస్తుంది. ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అని రాయి. అడిగేదానికి ‘క్వశ్చన్’, నమ్మలేనిదానికి ‘డౌట్’.

‘సిన్స్’, ‘ఫర్’ తేడా చెప్పడానికి నేను సర్వీసంతా బోర్డు మీద గీతలు గీశాను. కాలంలో ఒక బిందువైతే ‘సిన్స్’, కాలంలో ఒక ముక్క అయితే ‘ఫర్’ అని. పిల్లలు తలలూపేవారు, పరీక్షలో మళ్లీ తప్పు రాసేవారు. తప్పు వాళ్లది కాదు. తెలుగులో రెండింటికీ ‘నుంచి’ అనే అంటాం. ‘2023 నుంచి’, ‘రెండేళ్ల నుంచి’. నీ ఉత్తరంలో కూడా ‘రెండేళ్ల నుంచి పనిచేస్తున్నాను’ అని చక్కటి తెలుగు రాశావు. దాన్నే తెచ్చి ఇంగ్లీషులో పోస్తే ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్’ అవుతుంది. రిటైరయ్యే ముందు సంవత్సరం అనుకుంటా, ఒక పిల్లవాడు లేచి ‘సార్, గా పెట్టి చూస్తే తెలిసిపోతుంది కదా’ అన్నాడు. నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత ఇంటికొచ్చి కాగితం మీద రాసి చూసుకున్నా.

‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టు. ‘రెండేళ్లుగా పనిచేస్తున్నా’ – కుదిరింది. అయితే ‘ఫర్’. ‘2023గా పనిచేస్తున్నా’ – కుదరలేదు. అయితే ‘సిన్స్’. వారం రోజులుగా, ‘ఫర్’. సోమవారంగా, ఊహూఁ, ‘సిన్స్’. చాలా కాలంగా, ‘ఫర్’. ‘చిన్నప్పటిగా’ అని ఎవరూ అనరు కాబట్టి ‘సిన్స్ చైల్డ్‌హుడ్’. నా గీతలన్నీ ఒకవైపు, ఆ పిల్లవాడి ‘గా’ ఒకవైపు. తెలుగు లోపలే జవాబుంది చూశావా. ఇక్కడ ఇంకో మెలిక కూడా ఉంది. ఇలాంటి వాక్యంలో తెలుగు క్రియ వర్తమానంలో ఉంటుంది, ‘పనిచేస్తున్నా’ అని. ఇంగ్లీషులో ‘యామ్ వర్కింగ్’ సరిపోదు, ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్’ అనాలి. ‘గా’ కుదిరినా కుదరకపోయినా ‘హావ్ బీన్’ మాత్రం తప్పదు.

‘బై’, ‘టిల్’ కూడా ఇలాగే, త్వరగా చెప్పేస్తా. ‘సోమవారానికి పంపిస్తా’ అంటే ‘బై మండే’. ‘సోమవారం దాకా ఆఫీసులోనే ఉంటా’ అంటే ‘టిల్ మండే’. ‘డాక్యుమెంట్లు సోమవారం దాకా పంపిస్తా’ అని నువ్వు తెలుగులో అనవు. ఒక కాగితం పంపడానికి సోమవారం దాకా పంపుతూనే ఉంటావా? అందుకని ‘ఐ విల్ సెండ్ టిల్ మండే’ వద్దు. అప్పు విషయంలో మాత్రం తెలుగు సాయం చెయ్యదు. మనకు ఇచ్చినా అప్పే, తెచ్చినా అప్పే, చేబదులు కూడా అంతే. ఇచ్చే చెయ్యిది ‘లెండ్’, పుచ్చుకునే చెయ్యిది ‘బారో’. బట్టీ పట్టాల్సిందే.

ఇక మీ మేనేజర్ నవ్విన ‘లూజ్’. ఇది మాత్రం వంద మాటల లిస్టులో ఉంది, ఇంగ్లీషు వాళ్లు కూడా తప్పు రాస్తారు. కానీ మనం తప్పు రాయడానికి మన సొంత కారణం ఒకటుంది. వదులుగా ఉన్నదాన్ని ఇంగ్లీషు వాడు ‘లూస్’ అంటాడు, చివర్లో స. పోగొట్టుకోవడాన్ని ‘లూజ్’ అంటాడు. మనమేమో వదులుగా ఉన్నదాన్ని ‘లూజు’ చేసుకున్నాం. ప్యాంటు లూజు, లూజు టీపొడి, తిక్కగా మాట్లాడేవాణ్ణి కూడా లూజు అంటాం. అంటే మన చెవిలో ‘లూజు’ అనగానే వదులు అనే అర్థమే మెదులుతుంది, దాని స్పెల్లింగే చేతిలోకి వస్తుంది. కాబట్టి నీ తప్పు బద్ధకం వల్ల వచ్చింది కాదు, ప్యాంటు వల్ల వచ్చింది. గుర్తుకు ఒకటే మాట: పోగొట్టుకునే ‘లూజ్’లో ఒక ఓ పోయింది. మరి ఎంచుకోవడం అనే ‘చూజ్’కి జ శబ్దం ఉండి కూడా రెండు ఓలు ఎందుకున్నాయని అడగకు. ఇంగ్లీషు స్పెల్లింగుకు నేను పూచీ పడలేను.

స, జ శబ్దాలు పనికొచ్చే చోటు ఒకటుంది. సలహా ‘అడ్వైస్’, సలహా ఇవ్వడం ‘అడ్వైజ్’. మొదటిదానిలో సి, రెండోదానిలో ఎస్. బ్రిటిష్ పద్ధతిలో ‘ప్రాక్టీస్’ కూడా అంతే, పనికి సి, చెయ్యడానికి ఎస్, కాకపోతే పలకడం రెండూ ఒకటే. అమెరికా వాళ్లు రెంటికీ సి పెట్టేస్తారు. నీ కొనుగోలుదారు ఏ దేశమో చూసుకుని రాయి, లేదా ఏదో ఒకటి పట్టుకుని దానిమీదే ఉండు. అన్నట్టు ‘సలహాలు’ అని మనం అంటాం కానీ ‘అడ్వైసెస్’ అని మామూలు ఇంగ్లీషులో అనకూడదు. బ్యాంకు వాళ్ల కాగితాల్లో ఆ మాట కనిపిస్తే అది వేరే, వాళ్ల భాషలో అది ఒక నోటీసు. ‘ఇన్ఫర్మేషన్స్’, ‘మెషినరీస్’ కూడా వద్దు.

‘అఫెక్ట్’, ‘ఎఫెక్ట్’ అందరూ అడిగేదే. వాన పంటను ‘అఫెక్ట్’ చేసింది, దాని ‘ఎఫెక్ట్’ రేటు మీద పడింది. చేసేది ‘అఫెక్ట్’, పడేది ‘ఎఫెక్ట్’. ఇంతే అని ఆపేద్దును కానీ, నీ వృత్తిలో ఒక మినహాయింపు రోజూ తగులుతుంది. ‘టు ఎఫెక్ట్ పేమెంట్’ అని వ్యాపారం ఉత్తరాల్లో రాస్తారు. చెల్లింపు జరిపించడం అని అర్థం. అది తప్పు కాదు, దిద్దొద్దు. దిద్దితే డబ్బు మీద ఏదో చెడు ప్రభావం పడ్డట్టుంటుంది.

‘ప్రిన్సిపల్’ అని పలికే రెండు మాటల గురించి కూడా మీ లిస్టులో ఉంది. మనకు సులువు. కాలేజీలో అసలు మనిషి ఎవరు? ప్రిన్సిపల్. అప్పులో వడ్డీ కానిది ఏది? అసలు. అది కూడా ప్రిన్సిపల్. రెండింటికీ చివర ఏఎల్. తెలుగులో ‘అసలు’ అని వచ్చే చోటంతా ఆ స్పెల్లింగు పెట్టు. నియమం, సూత్రం అనే అర్థం వస్తే ఎల్ఈ. ‘ఇట్స్’ కూడా అంతే. ‘దాని’ అని అర్థమొస్తే పైన కామా లేదు. ‘అది ఫలానా’ అని విడదీసి చెప్పగలిగితే కామా ఉంది. నీ మెయిల్ చదివి చూసుకోవడానికి ఒక్క క్షణం చాలు.

తిరుపతి బస్టాండు నుంచి మా ఇంటికొచ్చే దారిలో ఒక పుస్తకాల అంగడి ఉంది, పేరెందుకులే. బోర్డు మీద ‘స్టేషనరీ’ స్పెల్లింగులో ‘ఈ’ అక్షరం ఉండాల్సిన చోట ‘ఏ’ రాసి ఉంటుంది. ‘ఏ’ పెడితే కదలకుండా ఉన్నది అని అర్థం. ‘ఈ’ పెడితే కాగితాలూ కలాలూ. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఆ బోర్డు చూసినప్పుడల్లా పళ్లు నూరేవాణ్ణి. రిటైరయ్యాక తీరిగ్గా ఆ మాట పుట్టుక చదివాను, కోపం పోయింది. యూరప్‌లో పాత కాలంలో చాలామంది వ్యాపారులు నెత్తిన మూటతో ఊరూరా తిరిగేవాళ్లు. విశ్వవిద్యాలయాల దగ్గర పుస్తకాలమ్మే వాళ్లు మాత్రం ఒకచోట కొట్టు పెట్టుకుని కూర్చునేవాళ్లు. కదలకుండా ఉన్నవాడు కాబట్టి అతను ‘స్టేషనర్’, అతనమ్మే సరుకు ‘స్టేషనరీ’. రెండు మాటలూ ఒకే లాటిన్ వేరు నుంచి వచ్చాయి. ఆ వేరు మన ‘స్థానం’, ‘స్థిరం’లో ఉన్న సంస్కృత ధాతువుకు చుట్టమే. తోపుడు బండి వాళ్ల మధ్య ముప్పై ఏళ్లుగా ఒకేచోట స్థిరంగా ఉన్న ఆ అంగడికి ‘ఏ’ పెట్టినా అన్యాయమేమీ లేదనిపిస్తుంది ఇప్పుడు. నువ్వు మాత్రం ‘ఈ’ పెట్టు. ఎన్వలప్‌లో మొదటి అక్షరం ‘ఈ’, అది గుర్తు చాలు.

మన జిల్లాల మాట తీరులోంచి వచ్చే తప్పు ఒకటి నీకు తప్పకుండా ఉండి ఉంటుంది. మనం ‘చేస్తా ఉండా’, ‘వస్తా ఉండాడు’ అంటాం. ‘నాకు అర్థమవతా ఉండాది’ అని కూడా హాయిగా అంటాం. అది పోయి ఇంగ్లీషులో కూర్చుంటే ‘ఐ యామ్ అండర్‌స్టాండింగ్’, ‘ఐ యామ్ నోయింగ్’, ‘వీ ఆర్ హావింగ్ టూ గోడౌన్స్’ అవుతుంది. జరుగుతున్నట్టు కంటికి కనిపించే పనికే ఆ ‘ఇంగ్’. తెలియడం, అర్థం కావడం, కలిగి ఉండడం, ఇష్టపడడం కంటికి కనబడవు. ‘ఐ అండర్‌స్టాండ్’, ‘వీ హావ్ టూ గోడౌన్స్’. తిండి దగ్గర మినహాయింపు: ‘వీ ఆర్ హావింగ్ లంచ్’ అనొచ్చు, ఎందుకంటే అది కంటికి కనిపించే పనే.

నిన్న, మొన్న, పోయిన వారం అని రాశావంటే పక్కన ‘హావ్’ ఉండకూడదు. ‘ఐ హావ్ సెంట్ ద సాంపిల్ యెస్టర్‌డే’ తప్పు, ‘ఐ సెంట్’ చాలు. మనవాళ్లకు ఒట్టి ‘సెంట్’ అంటే మర్యాద తక్కువైనట్టుంటుంది, అందుకని ‘హావ్’ కప్పుతారు. ఇంకొంచెం మర్యాద కావాలంటే ‘హాడ్’ కప్పుతారు. ఇంగ్లీషులో మర్యాద అక్కడుండదు. ‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’ కూడా అలాంటి కప్పుడే. ‘గురించి’ అన్నది ఆ మాట లోపలే ఉంది.

ఇంత చెప్పాక నీకు నీ తెలుగు మీద కోపం వస్తుందేమో. ఇంగ్లీషు వాళ్ల పాట్లు కూడా విను. ‘మనం’, ‘మేము’ – రెండింటికీ వాళ్లకున్నది ఒక్క ‘వీ’. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చి తెలుగు నేర్చుకుని, తర్వాత మనకు నిఘంటువు రాసిపెట్టిన బ్రౌన్ దొర కూడా ఈ మెట్టు ఎక్కే వచ్చి ఉండాలి. ‘మనం భోంచేద్దాం’ అనాల్సిన చోట ‘మేం భోంచేస్తాం’ అని లేచిపోతే ఎదుటివాడు ఆకలితో కూర్చుంటాడు. ఇది నవ్వులాట మాత్రమే కాదు, నీ పనికొచ్చే విషయం. ‘వీ విల్ పే ద ఫ్రైట్’, అంటే సరుకు రవాణా ఖర్చు కడతాం అని రాశావనుకో. మీ కంపెనీ ఒక్కటే కడుతుందా, ఇద్దరూ కలిసి పంచుకుంటారా? నీ మనసులో ‘మేము’ ఉంది, అతను ‘మనం’ అని చదువుకున్నా తప్పనలేం. డబ్బు సంగతి వచ్చినప్పుడు ‘వీ’ మానేసి కంపెనీ పేరు రాయి. ఈ జాగ్రత్త తెలుగువాళ్లకు తట్టినంత త్వరగా ఇంగ్లీషు వాళ్లకు తట్టదు.

మీ మేనేజర్ నీ మెయిల్‌లో ‘రిప్లై’ కొట్టేసి ‘రివర్ట్ బ్యాక్’ అని దిద్దినట్టు ఆ ప్రింటు అంచున పెన్నుతో రాసుకున్నావు, చూశాను. ఆయనతో గొడవ పెట్టుకోకు. ‘రివర్ట్’ అంటే జవాబివ్వడం అనే అర్థం మన దేశపు ఆఫీసుల్లో స్థిరపడిపోయింది, మనలో మనం వాడుకోవచ్చు. పాత అర్థం మాత్రం మునుపటి స్థితికి తిరిగిపోవడం. అందులోనే ‘తిరిగి’ ఉంది కాబట్టి ‘బ్యాక్’ అనవసరం. బయటి దేశం మెయిల్స్‌లో నీ ‘రిప్లై’నే ఉంచుకో. ‘ప్రిపోన్’ కూడా ఇలాంటిదే. మన మాట, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి కూడా ఎక్కింది, సిగ్గుపడక్కర్లేదు. కాకపోతే జర్మనీలో కూర్చున్న మనిషికి అది తెలియకపోవచ్చు. అతనికి ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అని రాయి. ఎవరి ముందు ఏ మాట అన్నది తప్పొప్పుల కంటే ముందు సంగతి. చిత్తూరు మండీలో మాట్లాడినట్టు ఆఫీసులో మాట్లాడతావా ఏంటి?

కోచింగ్‌కు 12,000 రూపాయలు కట్టమంటారా అని అడిగావు. వద్దు. వాళ్లు మళ్లీ నౌన్, ప్రొనౌన్ దగ్గర మొదలుపెడతారు. నీకు అవి వచ్చు. దానికి బదులు ఈ ఆదివారం నువ్వు పంపిన పాత మెయిల్స్ ఒక ముప్పై తియ్యి. తప్పులు గుర్తించడానికి ఇంగ్లీషు బాగా వచ్చిన ఒక స్నేహితురాలి సాయం తీసుకో. ఎన్ని తప్పులున్నా రకాలు పది దాటవని నా అనుభవం. ఒక నోటుబుక్కులో ఎడమ పేజీ మీద ఆ వాక్యం నీ మనసులో ఏ తెలుగుగా ఉందో అది రాయి, కుడి పేజీ మీద సరైన ఇంగ్లీషు. తప్పు వాక్యం మాత్రం రాయొద్దు, కంటికి అదే అలవాటవుతుంది. నీ లిస్టు అదీ. వంద మాటలు కాదు, పది.

ఇంకొకటి, నేర్చుకునేవాళ్ల కోసం చేసిన డిక్షనరీ వాడు, మామూలుది కాదు. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 1948లో అచ్చు వేసిన అలాంటి డిక్షనరీ నిజానికి జపాన్‌లో పుట్టింది. ఆల్బర్ట్ హార్న్‌బీ అనే ఆయన అక్కడ పాఠం చెబుతూ తయారుచేశాడు. అంటే ఇంగ్లీషు ఇంటిభాష కాని మనలాంటి వాళ్ల కోసమే. దాని ఇప్పటి రూపం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ‘అడ్వైస్’ దగ్గర ‘అన్‌కౌంటబుల్’ అని ఉంటుంది, అంటే లెక్కపెట్టకూడని మాట అని. ‘డిస్కస్’ దగ్గర ఉదాహరణ వాక్యాలు చూస్తే ‘అబౌట్’ ఉండదు. మాట అర్థం కోసం కాదు, పక్కన ఏ మాట కూర్చుంటుందో చూడ్డానికి తెరువు.

మాట్లాడాలంటే భయం అనేదానికి మాత్రం నా దగ్గర మందు లేదు. అలిపిరి దగ్గర బొమ్మలమ్మే వాళ్లను చూడు. తమిళం, కన్నడం, హిందీ, అవసరమైతే ఇంగ్లీషు కూడా. ఒక్కదానిలోనూ వ్యాకరణం ఉండదు, బేరం మాత్రం తెగుతుంది. నువ్వు వాళ్లలా రాయలేవు, నీది కాగితం మీద మిగిలిపోయే మాట. కానీ ఫోన్లో వాళ్ల ధైర్యం కొంచెం అరువు తెచ్చుకోవచ్చు. ‘బారో’ చెయ్యి, ‘లెండ్’ కాదు.

ఆ ‘టూ స్వీట్’ ఆయనకు ఇంకా జవాబు రాసి ఉండవు. కాయ దిగే రోజులు, గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి, నీకు ఊపిరాడి ఉండదు. ఇలా పంపు: ‘ఐ యామ్ సారీ ఫర్ ద కన్‌ఫ్యూజన్. ఐ మెంట్ దట్ అవర్ తోతాపురి పల్ప్ ఈజ్ వెరీ స్వీట్. వీ హావ్ నాట్ యాడెడ్ ఎనీ షుగర్. ద ల్యాబ్ రిపోర్ట్ విత్ ద బ్రిక్స్ వాల్యూ ఈజ్ అటాచ్డ్. ఐ సెంట్ ద సేమ్ శాంపిల్ ఎగైన్ యెస్టర్‌డే.’ ‘బ్రిక్స్’ అంటే గుజ్జులో తీపి కొలత అని నీకు తెలిసిందే. చక్కెర కలపలేదన్న మాట నిజమో కాదో ముందు ల్యాబ్ వాళ్లను అడుగు. శాంపిల్ నిన్న కాక ఇవాళ పంపితే చివరి మాట మార్చుకో. రిపోర్టు అటాచ్ చేయడం మర్చిపోకు, అది నేనిప్పటికీ మర్చిపోతుంటాను.